గాయం ఎక్కడ అయిందో ఆసుపత్రి రిజిస్టరులో రాయించండి

పదిమంది కూడా లేని ఒక వర్క్‌షాపులో చేరబోతున్నాననీ, అక్కడ ఈఎస్ఐ (ప్రభుత్వ కార్మిక బీమా) లేదు గానీ వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ ఉందని యజమాని చెప్పారనీ, పనిలో దెబ్బ తగిలితే ఆ పాలసీ నిజంగా ఏ మేరకు ఆదుకుంటుందనీ మీరు అడిగారు. ఆదుకుంటుంది. మా తమ్ముడిని ఆదుకుంది. అయితే అది పాలసీ గొప్పతనం కాదు. ప్రమాదం జరిగిన రోజున ఆసుపత్రి రిజిస్టరులో సరైన వాక్యం పడడం వల్లనే ఆ డబ్బు వాడి చేతికి వచ్చిందని నా గట్టి నమ్మకం. ఈ విషయం గురించి ఎవరు అడిగినా నేను మొదట ఆ వాక్యం గురించే చెబుతాను.

2025 నవంబర్ దాకా పాలసీకి వెన్నెముకగా నిలిచింది 1923 నాటి చట్టం. 2009లో సవరించినప్పుడు దానికి ఉద్యోగుల పరిహార చట్టమని పేరు మార్చారు. ఆ చట్టం చేసిన పెద్ద మేలు, తప్పు ఎవరిదని కార్మికుడిని నిలదీయకపోవడం. యజమాని నిర్లక్ష్యంగా ఉన్నాడని రుజువు చేసే భారం గాయపడినవాడి మీద లేదు. పని కారణంగా, పని చేస్తున్న సమయంలో ప్రమాదం జరిగిందని తేలితే చాలు, పరిహారం ఇవ్వవలసిన బాధ్యత యజమానిదే. ఆ బాధ్యతను ఆయన తరఫున మోయడానికి బీమా కంపెనీ ఉంటుంది. అందువల్ల పాలసీ లేకపోయినా, గడువు దాటిపోయినా, కార్మికుడి హక్కు ఎక్కడికీ పోదు. కానీ 'పనిలోనే జరిగింది' అన్న ఆ ఒక్క మాట నిలబడకపోతే మిగిలినవన్నీ ఉండి కూడా ప్రయోజనం లేదు. యజమానులకు ఈ సంగతి కార్మికుల కంటే బాగా తెలుసు.

మా తమ్ముడు ఒక చిన్న కార్ఖానాలో రేకులను నొక్కి ఆకారమిచ్చే పవర్ ప్రెస్ మీద పని చేసేవాడు. ఒకనాటి సాయంత్రం షిఫ్టు ముగిసే వేళ రేకు సరిచేస్తుండగా ప్రెస్ దిగి, కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు మొదలంటా పోయాయి. కబురు అంది నేను ఆసుపత్రికి చేరేసరికి వాడిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఉన్నారు. చేతికి చుట్టిన గుడ్డ తడిసి ముద్దయింది. నొప్పికి ఇంజెక్షన్ ఇవ్వడం వల్ల వాడు మాట్లాడే స్థితిలో లేడు. డ్యూటీ డాక్టరు రిజిస్టరు తెరిచి, ఎలా జరిగిందని అడిగారు. నేను నోరు తెరిచేలోగానే వాళ్ల సూపర్‌వైజరు "బండి మీద నుంచి పడ్డాడు సార్, చెయ్యి చైనులో పడింది" అన్నాడు. ఏ తడబాటూ లేకుండా, ముందే అనుకుని వచ్చినట్టుగా అన్నాడు.

డాక్టరు రాయబోతుండగా నేను అడ్డుపడ్డాను. మా తమ్ముడు కార్ఖానాలో ప్రెస్ మెషీను మీద పని చేస్తుండగా వేళ్లు పోయాయనీ, వాడి చొక్కాకు ఉన్న గ్రీజూ ఇనుప రజనూ చూడండనీ, పోలీసుల దృష్టికి కూడా వెళ్లే మెడికో లీగల్ కేసుగా నమోదు చేయండనీ గట్టిగా అడిగాను. సూపర్‌వైజరు నన్ను పక్కకు తీసుకెళ్లి, "అన్నా, ఇలా రాయిస్తే ఇన్‌స్పెక్టర్లు వస్తారు, షెడ్డు మూతపడుతుంది, పదిమంది పొట్ట కొట్టినట్టవుతుంది. ఆసుపత్రి ఖర్చు ఓనరుగారు చూసుకుంటారు, తమ్ముడిని మళ్లీ పనిలోకి తీసుకుంటారు" అని బతిమాలాడు. అతని మీద నాకు కోపం లేదు. అతనూ జీతానికి పని చేసేవాడే. కానీ వేళ్లు పోయింది మా తమ్ముడికి. డాక్టరు మా మాట విని, 'పని ప్రదేశంలో ప్రెస్ యంత్రం వల్ల గాయం' అని రాశారు. ఆ ఒక్క వరుసే తరువాత జరిగిన ప్రతి వాయిదాలోనూ మాకు అండగా నిలిచింది.

రెండు రోజులకు యజమాని మనిషి ఒకరు కొంత నగదు, టైపు చేసిన ఒక కాగితం పట్టుకుని వార్డుకు వచ్చారు. డబ్బు పుచ్చుకుని, ఇక ఏ విధమైన క్లెయిమూ చేయబోమని సంతకం చేయాలట. మేము చేయలేదు. ఇలాంటి సంతకం ఇప్పటికే చేసి బాధపడుతున్న వారెవరైనా దీన్ని చదువుతూ ఉంటే వారికి ఒక మాట చెప్పాలి. పరిహార హక్కును వదులుకుంటున్నట్టు రాసిన ఒప్పందం ఆ 1923 చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. ఇరుపక్షాలూ రాజీపడి ఏకమొత్తం తీసుకున్నా ఆ ఒప్పందాన్ని ఇలాంటి పరిహార కేసులను తేల్చే ప్రభుత్వ అధికారి అయిన కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి, మొత్తం మరీ తక్కువగా ఉంటే నమోదుకు ఆయన నిరాకరించవచ్చు. మరణం సంభవించినప్పుడైతే పరిహారాన్ని నేరుగా కుటుంబం చేతికి ఇవ్వడానికే వీల్లేదు, కమిషనర్ దగ్గర జమ చేయాలి. భర్త పోయిన దుఃఖంలో ఉన్న మనిషి ముందు నోట్ల కట్ట పెట్టి వేలిముద్ర వేయించుకునే పద్ధతిని ఆపడానికే ఈ నియమం ఉందని నేను అనుకుంటాను. ఇంత మంచి నియమం గురించి కార్ఖానా గోడ మీద ఒక్క బోర్డు కూడా కనిపించకపోవడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది.

రిజిస్టరులోని వాక్యాన్ని కాదనలేక, యజమాని తరఫువారు రెండో వాదన ఎత్తుకున్నారు. చేయి లోపలికి పోకుండా ప్రెస్‌కు ఉండవలసిన రక్షణ కవచాన్ని, అంటే గార్డును, మా తమ్ముడే తీసేశాడన్నారు. ఇది చిన్న వాదన కాదు. మద్యం మత్తులో ఉండడం వల్ల, భద్రతా నియమాన్ని కావాలని ధిక్కరించడం వల్ల, రక్షణ పరికరాన్ని తెలిసి తెలిసి తొలగించడం వల్ల జరిగిన గాయానికి పరిహారం ఇవ్వనక్కరలేదని చట్టమే చెబుతోంది. మరణానికీ శాశ్వత సంపూర్ణ వైకల్యానికీ మాత్రం ఆ మినహాయింపు వర్తించదు. రెండు వేళ్లు పోవడం పాక్షిక వైకల్యం కాబట్టి ఆ వాదన నెగ్గి ఉంటే మాకు పైసా వచ్చేది కాదు. డై (అచ్చు) మార్చినప్పుడల్లా గార్డు అడ్డొస్తోందని ఎప్పుడో విప్పి మూలన పడేశారనీ, అది లేకుండానే ఉత్పత్తి లెక్కలు అడిగేవారనీ వాడితో పని చేసిన ఒక పెద్దాయన కమిషనర్ ఎదుట సాక్ష్యం చెప్పారు. ఆ తరువాత ఆయన ఆ పనిలో ఉండలేకపోయారు. ఇలాంటి కేసులు చట్టం బలంతోనే గెలుస్తామనుకునే వారికి నేను ఆయన గురించి చెబుతాను. సాటి కార్మికుడు నోరు విప్పకపోతే చట్టంలోని సెక్షన్లు వాటంతట అవి మాట్లాడవు.

ఇక డబ్బు విషయం. శాశ్వత సంపూర్ణ వైకల్యానికి నెల జీతంలో 60 శాతాన్ని వయసును బట్టి చట్టం నిర్ణయించిన గుణకంతో హెచ్చవేస్తారు. మరణానికైతే 50 శాతాన్ని తీసుకుంటారు. 30 ఏళ్ల వయసుకు గుణకం 207.98, 40 ఏళ్లకు 184.17, 50 ఏళ్లకు 153.09. పాక్షిక వైకల్యానికి ఏ అవయవానికి ఎంత శాతమో పట్టికలో ఉంటుంది. బొటనవేలికి 30 శాతం, ఒక చేతి రెండు వేళ్లకు 20 శాతం, నాలుగు వేళ్లకు 50 శాతం. మా తమ్ముడికి అప్పుడు 30 ఏళ్లు. లెక్కకు తీసుకోగలిగిన జీతం 15,000 రూపాయలు కాబట్టి 9,000ను 207.98తో హెచ్చవేసి, అందులో 20 శాతం తీస్తే 3,74,364 రూపాయలు వచ్చింది. ప్రమాదం జరిగిన నెల రోజుల్లోపు చెల్లించలేదు కనుక దానిమీద ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ కూడా పడింది. చికిత్సకు అయిన అసలు ఖర్చు ఇవన్నీ కాక వేరుగా తిరిగి రావాలని 2009 సవరణ చెబుతోంది.

వాడి అసలు జీతం 15,000 కంటే ఎక్కువ. అయినా 2020 జనవరిలో కేంద్రం ప్రకటించిన ఆ పరిమితికి మించి లెక్క కట్టలేదు. నైపుణ్యం ఉన్న ప్రెస్ ఆపరేటరు నెలకు ఎంత సంపాదించినా, వేళ్లు పోయిన మరుక్షణం వాడి విలువ 15,000 దగ్గర ఆగిపోవడం అన్యాయమని నేను ఎక్కడైనా చెబుతాను. మంచాన ఉన్న కాలానికి ఇచ్చే భత్యం సంగతి మరీ ఘోరం. 15 రోజులకొకసారి నెల జీతంలో 25 శాతం, అంటే మొత్తం మీద సగం జీతం. అదే ఈఎస్ఐ ఉన్న కార్మికుడికి తాత్కాలిక వైకల్యానికి సగటు రోజు వేతనంలో 90 శాతం ఇస్తారు. షెడ్డులో పదిమంది ఉన్నారా, తొమ్మిదిమంది ఉన్నారా అన్న దాన్ని బట్టి గాయపడినవాడి ఇంటి ఖర్చు మారిపోవడం ఏ న్యాయమో ఈ నియమాలు రాసినవారే చెప్పాలి.

వేళ్ల శాతాలు చూసి నిరాశపడే వారు 1975లో సుప్రీంకోర్టు ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో ఇచ్చిన తీర్పును గుర్తుంచుకోవాలి. ఒక వడ్రంగి పని చేస్తూ పడిపోయి, ఎడమ చెయ్యిని మోచేతి పైనుంచి తీసివేయవలసి వచ్చింది. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కాబట్టి అతని సంపాదనా శక్తి నూటికి నూరు శాతం పోయినట్టేనని కోర్టు అంగీకరించింది. పరిహారం కమిషనర్ ఆదేశించిన రోజున కాక, ప్రమాదం జరిగిన రోజునే చెల్లించవలసినదవుతుందని కూడా అదే తీర్పు తేల్చింది. వడ్డీ అడగడానికి ఇదే ఆధారం. గాయం చిన్నదా పెద్దదా అన్నది మనిషి చేసే పనిని బట్టి చూడాలన్న ఆ దృష్టి నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది.

పాలసీలలో ఉండే లోపాలను కూడా చెప్పకపోతే మీ ప్రశ్నకు సగమే జవాబిచ్చినట్టవుతుంది. ప్రీమియం కార్మికుల సంఖ్యను, జీతాలను బట్టి ఉంటుంది కాబట్టి కొందరు యజమానులు ఇద్దరు ముగ్గురిని తగ్గించి, జీతాలను కుదించి చూపిస్తారు. ప్రమాదం జరిగాక ఆ మనిషి లెక్కలో లేడని బీమా కంపెనీ పేచీ పెడుతుంది. వైద్య ఖర్చులనూ, కాంట్రాక్టరు తెచ్చిన కూలీలనూ చాలా పాలసీలలో అదనంగా కట్టి చేర్పించుకోవాలి. చెల్లింపు ఆలస్యం చేసినందుకు కమిషనర్ విధించే జరిమానా, అసలు మొత్తంలో 50 శాతం దాకా ఉండవచ్చు, దాన్ని యజమానే సొంతంగా భరించాలి. కంపెనీ తప్పుకున్నంత మాత్రాన యజమాని తప్పుకోలేడు. కాంట్రాక్టరు కింద పని చేసినా అసలు యజమాని మీద క్లెయిమ్ వేయవచ్చు.

1923 చట్టం స్థానంలో తెచ్చిన సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చింది. ఇంటికీ పనికీ మధ్య ప్రయాణంలో జరిగిన ప్రమాదానికి కూడా, ఉద్యోగంతో సంబంధం రుజువైతే, పరిహారం ఇవ్వాలని అందులో ఉంది. అది చూసి, బండి మీద పడ్డాడని రాయించినా నష్టం లేదని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఆ సంబంధాన్ని రుజువు చేసే భారం మీ మీద పడుతుంది, పైగా జరగని ప్రమాదానికి సాక్షులు ఎక్కడి నుంచి వస్తారు?

చేరే ముందు యజమానిని మర్యాదగానే రెండు అడగండి. పాలసీ నకలు చూపించమనండి, అందులో ఎంతమందిని, ఎంత జీతానికి చూపించారో చదవండి. పరిహార హక్కుల గురించి పనిలో చేర్చుకునేటప్పుడే మీకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా తెలియజేయాలని పాత చట్టానికి 2017లో చేసిన సవరణ యజమానిని ఆదేశించింది, ఆ కాగితం కూడా అడగండి. ఇంట్లో వారికి ఒక విషయం మాత్రం ఇప్పుడే చెప్పి ఉంచండి: మీకేమైనా అయి ఆసుపత్రికి వస్తే, డాక్టరు రిజిస్టరు తెరిచినప్పుడు ఆ గదిలో మీ తరఫు మనిషి ఒకరు ఉండాలి.