‘చేస్తున్నాను’ అన్న ప్రతిచోటా ‘యామ్ డూయింగ్’ సరిపోదు

ప్రశ్న: తెలుగు మాధ్యమంలో చదివి ఇప్పుడు బీకామ్ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఇంగ్లీషులో ప్రతి క్రియకూ ‘ఇంగ్’ చేరుస్తున్నానని మాక్ ఇంటర్వ్యూలో అన్నారు. ప్రెజెంట్ కంటిన్యూయస్ ఎక్కడ వాడాలో ఎలా నేర్చుకోవాలి?

జవాబు: ఈ పొరపాటుకు కారణం మీరు చదివిన మాధ్యమం కాదు, తెలుగులో ‘-తున్నాను’ అనే రూపం ఒక్కటే రెండు పనులు చేయడం. ‘అన్నం తింటున్నాను’ అని ఈ క్షణంలో జరిగేదాన్నీ, ‘మా నాన్నగారు ఆర్టీసీలో పనిచేస్తున్నారు’ అని స్థిరమైన ఉద్యోగాన్నీ మనం ఒకే రూపంతో చెబుతాం. ఇంగ్లీషులో మొదటిది ‘ఐ యామ్ ఈటింగ్’, రెండోది ‘మై ఫాదర్ వర్క్స్’. రెండోచోట ‘ఈజ్ వర్కింగ్’ అనడం తప్పు కాదు గాని, అది తాత్కాలిక ఉద్యోగమేమోనని వినేవారికి అనిపించవచ్చు.

అలాగని ఈ క్షణంలో జరిగేదానికే కంటిన్యూయస్ వాడాలని బట్టీ పట్టకండి. ఇంటర్వ్యూ గదిలో కూర్చున్న ఆ నిమిషంలో మీరు ట్యాలీ (ఖాతాల లెక్కల సాఫ్ట్‌వేర్) నేర్చుకోకపోయినా, ఈ నెలల్లో నేర్చుకుంటూ ఉంటే ‘ఐ యామ్ లెర్నింగ్ ట్యాలీ’ అనడమే సరైనది, ఎందుకంటే అది కొంతకాలం సాగి ముగిసే పని.

తెలియడం, నమ్మడం, అర్థం కావడం వంటి స్థితులను చెప్పే క్రియలకు సాధారణంగా ‘ఇంగ్’ చేరదు. ‘నాకు తెలుసు’, ‘ఇద్దరు అన్నలున్నారు’ అన్నచోట తెలుగులోనూ ‘-తున్నా’ రాదు కాబట్టి, ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అనకుండా ‘ఐ హావ్’ అనడానికి మన భాషే సాయపడుతుంది. ‘అర్థమవుతోంది’, ‘నమ్ముతున్నాను’ మాత్రం దారి తప్పిస్తాయి. అక్కడ ‘ఐ అండర్‌స్టాండ్’, ‘ఐ బిలీవ్’ అనాలి.

ఇంటర్వ్యూల్లో నేను ఎక్కువగా వినే తప్పు ఇంకొకటి ఉంది. ‘రెండేళ్లుగా ట్యూషన్లు చెబుతున్నాను’ అనడానికి చాలామంది ‘ఐ యామ్ టీచింగ్ సిన్స్ టూ ఇయర్స్’ అంటారు. గతంలో మొదలై నేటికీ సాగుతున్న పనికి ‘ఐ హావ్ బీన్ టీచింగ్ ఫర్ టూ ఇయర్స్’ అనాలి. అనుభవం గురించి అడిగే ప్రశ్నలకు జవాబు తరచూ ఇలాంటి వాక్యంతోనే మొదలవుతుంది గనుక దీనిమీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి.

మీ స్వీయ పరిచయాన్ని ముందు తెలుగులో పది వాక్యాలుగా రాసి, ‘-తున్నాను’ వచ్చిన ప్రతిచోటా అది తాత్కాలికమా, స్థిరమా, ఫలానా కాలం నుంచి సాగుతున్నదా అని పక్కనే గుర్తు పెట్టుకుని, ఆ తర్వాతే ఇంగ్లీషులోకి మార్చండి. ఎస్ఎస్‌సీ సీజీఎల్ (డిగ్రీ అర్హతతో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు జరిగే పరీక్ష) రాసే ఆలోచన ఉంటే, అందులోని తప్పులు గుర్తించే ప్రశ్నలకు కూడా ఇదే సాధన ఉపయోగపడుతుంది.