పండగ పోస్టు పెట్టే ముందు

చి. లావణ్యకు, పెదనాన్న ఆశీస్సులు.

కంపెనీ సోషల్ మీడియా పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. ఏ పండగకి శుభాకాంక్షలు పెట్టాలి, దేనికి మానాలి అని టెన్షన్ పడుతున్నావట. ఆ టెన్షన్ పండగ ముందు రోజు పడి లాభం లేదు, జనవరిలోనే పడాలి. ఏడాది మొత్తానికీ జాబితా రాసి పైవాళ్ల చేత ఒప్పించుకో. ఉగాదికి పెట్టి రంజాన్‌కి ఊరుకుంటే నువ్వేమీ అనకపోయినా అన్నట్టే లెక్క. మీ ఆఫీసులో వాళ్లు చేసుకునే పండగలన్నీ ఉండాలి, లేదా ఒక్కటీ వద్దు. ఒక్కటీ వద్దనుకున్నా తప్పు లేదు, జనవరి 26, ఆగస్టు 15తో సరిపెట్టుకోవచ్చు. నాకైతే అన్నీ పెట్టడమే ఇష్టం.

ప్రతి పండగ పక్కన ఏం రాయకూడదో కూడా రాసుకో. గుడ్ ఫ్రైడే శుభాకాంక్షలు చెప్పే రోజు కాదు. మొహర్రం పదో రోజు షియాలకు సంతాపం. హైదరాబాద్ డబీర్‌పురాలో బీబీ కా అలావా అనే షియాల పవిత్ర స్థలం నుంచి బయల్దేరే ఊరేగింపులో జనం గుండెలు బాదుకుంటూ నడుస్తారు. దానికి పూల బొమ్మలేసి 'హ్యాపీ' అంటే ఎలా ఉంటుందో ఆలోచించు. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ 31న వచ్చాయి. ఉగాది తేదీ పంచాంగంలో ముందే ఉంటుంది, రంజాన్‌కి నెలవంక కనబడాలి. ముందే షెడ్యూల్ చేసేసి ఇంటికెళ్లి పడుకోకు. దేవుడి బొమ్మ మీద లోగో వేయించకు, కింద డిస్కౌంటు ఇరికించకు. మార్కెటింగ్ వాళ్లు బతిమాలతారు, వినకు.

ఇక గొడవల సంగతి. ముస్లిం అత్తగారింట్లో హిందూ కోడలికి సీమంతం చేస్తున్నట్టు నగల కంపెనీ తనిష్క్ 2020 అక్టోబరులో ఒక ప్రకటన ఇచ్చి, తిట్లు మొదలవగానే తీసేసింది. షోరూముల్లో పనిచేసేవాళ్ల క్షేమం కూడా చూసుకోవాలి అంది. మరుసటి ఏడాది దీపావళి ముందు ఫ్యాబ్‌ఇండియా కొత్త బట్టలకు ఉర్దూ పేరు పెడితే, హిందువుల పండగకి ఉర్దూ పేరా అని అదే తంతు. అది దీపావళి కలెక్షన్ కాదని చెప్పుకుంది, అయినా పోస్టు తీసేసింది. ఆ ప్రకటనల్లో తప్పుందని నేననను. కానీ గొడవైతే ముందు మాటలు పడేది కౌంటర్లో నిలబడ్డ పిల్లే. కాబట్టి పెట్టకముందే మీ బాస్‌ని అడుగు: గొడవైతే ఉంచుతామా, తీసేస్తామా? ఫోన్లు ఎవరు ఎత్తుతారు? పెట్టి తీసేస్తే అటువాళ్లకీ ఇటువాళ్లకీ కోపమే. నిలబడే ధైర్యం లేదంటే అసలు మొదలుపెట్టొద్దని చెప్పు.

ఇంకోటి. బయట శుభాకాంక్షలు చెప్పి లోపల సెలవివ్వకపోతే మీవాళ్లే స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో నవ్వుకుంటారు. రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళకి మీటింగులు పెట్టకపోవడం, డిసెంబరు 24 రాత్రి షిఫ్టు మార్చుకోనివ్వడం లాంటివి ముందు హెచ్‌ఆర్‌తో మాట్లాడి తేల్చుకో. పోస్టరు సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

జాబితా రాశాక నాకు వాట్సాప్ చెయ్యి. బక్రీద్, బోనాలు మర్చిపోయి ఉంటావని నా అనుమానం.

మీ పెదనాన్న