కంట్లో పొర అంటే ఏ పొర?

సందేహం: కార్నియా పుండుకు వాడే చుక్కల మందుపై జరిగే పరిశోధన కోసం రోగులు సంతకం చేసే అంగీకారపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. కార్నియాకు ‘శుక్లపటలం’, రెటీనాకు ‘నేత్రపటలం’ అని రాస్తే, చదివినవాళ్లు ‘శుక్లాల ఆపరేషనా?’ అంటున్నారు. రెండింటికీ ‘పొర’ అనేస్తే సరిపోతుందా? నా అనువాదం ప్రతి కూడా జతచేశాను, మిగతా మాటలూ చూసి చెప్పండి.
– ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: సరిపోదండీ. శుక్లం అంటే తెలుపు. కంటిపాప వెనక కటకం మసకబారి తెల్లగా కనబడితే శుక్లం అనడం బాగానే ఉంది. గాజులా ఉండి, నెత్తురు నాళం ఒక్కటీ లేని కార్నియాను శుక్లపటలం అంటే రోగి పొరబడక ఏం చేస్తాడు? పాఠ్యపుస్తకంలో ఉంటే ఉండనివ్వండి, పత్రంలో వద్దు.

‘పొర’తో ఇంకా చిక్కు. పొర కమ్మిందంటే ఊళ్లో ముందు శుక్లమే అనుకుంటారు. ముక్కువైపు నుంచి కండ పెరిగి నల్లగుడ్డు మీదికి పాకినా పొరే, షుగరుతో రెటీనా చెడినా పొరే. అందుకని ‘నల్లగుడ్డు మీద గాజులా ఉండే అర మిల్లీమీటరు మందం పొర – కార్నియా’ అని ఒకసారి విప్పి చెప్పి, ఆ తర్వాత కార్నియా అనే రాయండి. రెటీనాకు ‘కంటి లోపల వెనకగోడకు అంటుకుని ఉండే, బొమ్మ పడే పొర’ అంటే చాలు.

‘పువ్వు’ మంచి మాట, పోగొట్టుకోకండి. అయితే అది పుండు కాదు, పుండు మానాక మిగిలే తెల్లమచ్చ. పుండుకు చుక్కలున్నాయి, ముదిరిన పువ్వు చుక్కలతో పోదు, చూపుకు అడ్డమైతే కార్నియా మార్చాలి. ‘కన్ను మారుస్తారు’ అని రాశారో, రెటీనా పోయినవాళ్లు కూడా ఆశపడతారు. మార్చేది కార్నియానే.

‘గాయ చరిత్ర’ తీసెయ్యండి. మన డెల్టాలో అడగాల్సిన తీరు వేరు: ‘వరి ఆకు కోసుకుందా? నూర్పిళ్లలో ఊక, గడ్డి నలుసు పడిందా? ఆకుపసరు పోశారా? మందుల షాపులో అడిగి చుక్కలు తెచ్చి వేశారా?’ చివరి ప్రశ్న వదలొద్దు. ఆ చుక్కల్లో స్టిరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టే ఉంటుంది, లోపల పుండులో బూజు పెరుగుతుంది. ‘శిలీంధ్రం’ అనే మాట కన్నా ఇక్కడ ‘బూజు’ అనే మాటే నయం.

మోతాదు దగ్గర మాట జారితే కన్నే పోతుంది. బూజును చంపే నాటమైసిన్ 5 శాతం చుక్కలు మొదటి 3, 4 రోజులు గంటకో, రెండు గంటలకో ఒక చుక్క వెయ్యాలి. ‘పూటకోసారి’ అంటే రోజుకు రెండో మూడో అయిపోతాయి. ఈ మందు సీసా అడుగున పేరుకుంటుంది కనుక ‘బాగా కలిపి’ అని రాశారట. నీళ్లు కలుపుతారమ్మా! ‘సీసాను కుదిపి’ అనండి.

‘యాదృచ్ఛిక కేటాయింపు’ ఎవరికీ అర్థం కాదు. ‘ఏ మందు వస్తుందో చీటీ తీసినట్టే; డాక్టరూ ఎంచరు, మీరూ ఎంచలేరు’ అంటే తేలిపోతుంది.

‘ఎప్పుడైనా మానుకోవచ్చు’ అన్న వాక్యం మాత్రం ఈరోజే దిద్దండి. దేన్ని మానుకోవచ్చు? మందు మానేస్తే పుండు లోతుకు దిగి కార్నియాకు చిల్లు పడొచ్చు. ‘పరిశోధన నుంచి ఎప్పుడైనా తప్పుకోవచ్చు; మీ కంటికి వైద్యం ఆగదు’ అని రాయండి.