కొక్కెం దగ్గర తొందరపడకు

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. ఇంట్లోనే పూసల నగలు చేయాలనుకుంటున్నావని చదివి చాలా సంతోషించాను. ఏ పూసలు కొనాలి, ఏ రంగు పక్కన ఏ రంగు గుచ్చాలి అని రెండు పేజీల నిండా అడిగావు. కొక్కెం ఎలా తగిలించాలన్న ప్రశ్న మాత్రం ఎక్కడా లేదు. అందుకే నేను అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

నేను మొట్టమొదట చేసి ఇచ్చిన దండ నా స్నేహితురాలి మెడలో ఉండగానే జారిపోయింది. నాలుగు రోజులు రంగులు పేర్చి, విప్పి, మళ్లీ పేర్చి గుచ్చిన దండ అది. నేలంతా పూసలు. అన్నీ ఏరాక చూస్తే తీగ తెగలేదు, ఒక్క పూస కూడా పగల్లేదు. కొక్కెం పక్కన నొక్కిన క్రింప్ పూసలోంచి తీగ జారి వచ్చేసింది. నాలుగు రోజుల పనిలో ఆ చోటికి నేను అర నిమిషం కూడా ఇవ్వలేదు. దండ చూసుకుని తను ఎంత మురిసిపోయిందో, ఆ పూసలు నా చేతిలో పోసేటప్పుడు తన ముఖం ఎలా ఉందో ఇప్పటికీ నాకు గుర్తే.

క్రింప్ పూస అంటే మెత్తని లోహపు గొట్టం ముక్క, సుమారు 2 మిల్లీమీటర్లు ఉంటుంది. తీగను అందులోంచి పంపి, కొక్కెం రింగులోంచి తిప్పి, మళ్లీ అందులోకే వెనక్కి తెచ్చి నొక్కాలి. మామూలు ప్లయర్‌తో నొక్కితే రేకులా చదునైపోయి, దాని అంచులు మెడను గీరుతాయి. దీనికోసమే రెండు గాడులున్న ప్లయర్ దొరుకుతుంది, తప్పకుండా కొనుక్కో. ముందు పిడి వైపున్న గాడిలో పెట్టి నొక్కు. పూస నడుమ గుంట పడి, రెండు తీగలూ చెరో పక్కకు చేరతాయి. నొక్కే ముందు అవి మెలిపడలేదని చూసుకో, నా దండ జారింది ఆ మెలిక వల్లే. తర్వాత పూసను పావు వంతు తిప్పి, కొన వైపున్న గుండ్రటి గాడిలో నొక్కితే మడత పడి చిన్న గుండులా తయారవుతుంది. మిగిలిన తీగ కొనను రెండు మూడు పూసల్లోకి దూర్చి, ఆ తర్వాతే కత్తిరించు.

రెండో కొస నొక్కే ముందు దండను గుండ్రంగా వంచి చూడు. పూసలు బిర్రబిగిసి ఉంటే మెడ మీద వాలదు, కర్రలా నిలబడుతుంది. ఒక చిన్న పూస పట్టేంత సందు వదిలితే చాలు.

జంప్ రింగును, అంటే కొక్కెం లాంటివి తగిలించే, తెరిచి మూసే చిన్న తీగ రింగును, ఎప్పుడూ రెండు వైపులకూ లాగి తెరవకు, దాని గుండ్రతనం మళ్లీ రాదు. రెండు ప్లయర్లతో పట్టుకుని ఒక కొసను నీ వైపుకు, రెండో కొసను అవతలికి తిప్పు. మూశాక అతుకు మీద గోరు నడిపించు. గోరు తట్టుకుంటే ఇంకా సందు ఉందన్నమాట, సన్నని దారమైతే అందులోంచి జారిపోతుంది.

రాతి పూసలకు, గాజు పూసలకు నైలాన్ పూత ఉన్న ఉక్కు తీగ వాడు. సన్నని పోగులు పేని ఆ తీగను చేస్తారు. 7 పోగులది బిరుసుగా ఉంటుంది, 49 పోగులది దారంలా వంగుతుంది. చేపలు పట్టే నైలాన్ దారం చవకని కొనకు, కొన్నాళ్లకు పెళుసెక్కి విరుగుతుంది. ముత్యాలకు మాత్రం నేను పట్టు దారమే వాడతాను, ప్రతి ముత్యానికీ నడుమ ఒక ముడి. దారం తెగినా ఒకటే రాలుతుంది, ఒకదానికొకటి రాసుకుని మెరుపు పోదు. ముడిని వదులుగా వేసి, అందులో సూది మొన దూర్చి, సూదితోనే ముత్యం దాకా జరిపి, ఆనుకున్నాక సూదిని మెల్లగా తీస్తూ బిగించాలి. మొదటి పది ముళ్లు వంకరగా వస్తాయి, విసుక్కోకు. ముడి కుదరకపోతే జిగురుతో సరిపెట్టుకుందామని మాత్రం అనుకోకు. అది నాకు అసలు నచ్చని పని.

ఇక పూసలు. చిన్న గాజు పూసల నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది: 8 నంబరు దాదాపు 3 మిల్లీమీటర్లు, 11 నంబరు దాదాపు 2. 16 అంగుళాల వరుసకు 8 మిల్లీమీటర్ల పూసలు 50 దాకా పడతాయి, 6 మిల్లీమీటర్లవి 67 దాకా. నాలుగైదు ఎక్కువే కొనుక్కో. గుచ్చే ముందు ఒకదాన్ని తడి తెల్లగుడ్డలో చుట్టి రాత్రంతా ఉంచు. రంగు అంటితే ఆ పూసలు ఎవరి మెడకూ వద్దు. చెవులకు చేసేటప్పుడు నికెల్ లేని కొక్కేలే తీసుకో, నికెల్ పడనివాళ్ల చెవులు దురదపెట్టి వాచిపోతాయి.

రంగుల సంగతి నీకే వదిలేస్తున్నాను. నీ కంటిమీద నాకు నమ్మకముంది. ముందు పూసలేమీ లేకుండా ఉత్త తీగ ముక్కల మీద పది క్రింపులు నొక్కి, రెండు చేతులతో గట్టిగా లాగి చూడు. జారినవీ జారనివీ అన్నీ ఒక కవరులో వేసి నాకు పంపు. ఎక్కడ తప్పిందో చూసి రాస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ