పరీక్ష జర్మన్ వేరు, పేషెంటు జర్మన్ వేరు

ప్రశ్న: జర్మన్ భాషలో బీ2 స్థాయి పరీక్ష ప్యాసై జర్మనీలోని స్టుట్‌గార్ట్ దగ్గర ఒక ఆసుపత్రిలో నర్సుగా చేరాను. క్లాసులో బాగానే మాట్లాడేదాన్ని. వార్డులో పెద్దవాళ్ల మాట సగం కూడా అందడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీరున్నది ష్వేబిష్ యాస ప్రాంతం. అక్కడ తెలియని మాటతో పెద్ద చిక్కు లేదు, ఎలాగూ అడుగుతారు. తెలుసనుకున్న మాటే ముంచుతుంది. ‘ఫూస్’ అంటే మీరు నేర్చుకున్నది పాదం. ష్వేబిష్ పెద్దాయన నోట అదే మాటకు తుంటి నుంచి వేళ్ల దాకా మొత్తం కాలు అని అర్థం. చార్టులో ‘పాదం నొప్పి’ అని రాసేముందు ఎక్కడో చేత్తో చూపించమనండి. తుంటి విరిగి చేరిన మనిషి విషయంలో ఈ తేడా చాలా పెద్దది.

‘హేబెన్’ కూడా అంతే. పుస్తకంలో ఎత్తడం, ఇక్కడ పట్టుకోవడం. ఎత్తడానికి వీళ్ల మాట ‘లుప్ఫెన్’. మంచం అంచున నిలబడ్డావిడ ‘హేబెన్’ అంటే ఊతం అడుగుతోందన్నమాట. మీరు ఒక్కసారిగా పైకి లేపితే ఇద్దరూ పడతారు.

యాసతో పనిలేకుండా జర్మనీ అంతటా వినిపించేవి మరికొన్ని. ‘మీర్ ఇస్ట్ ష్లెష్ట్’ అంటే కడుపులో తిప్పుతోందని, వెంటనే వాంతి పట్టే కిడ్నీ ట్రే అందించండి. ‘ఇష్ హాబె గెబ్రోఖెన్’ అంటే వాంతి అయిందని, ఎముక విరిగిందని కాదు. ‘క్రైస్‌లాఉఫ్’ అంటూ నుదురు పట్టుకుంటే కళ్లు తిరుగుతున్నాయని. కూర్చోబెట్టి బీపీ చూడండి. ‘ఇష్ మూస్ మాల్’ అంటే బాత్రూంకు వెళ్లాలి. ఆలస్యం చేస్తే తానే లేచి నడవబోయి పడిపోతారు.

అంకెల దగ్గర మరీ జాగ్రత్త. 24ను వాళ్లు ‘నాలుగూ ఇరవై’ అంటారు. వింటూనే రాసే చెయ్యి ముందు 4 వేసి 42 చేస్తుంది. ఇన్సులిన్ యూనిట్లయితే ప్రాణం మీదికొస్తుంది. సంఖ్య పూర్తయ్యాకే రాసి, ‘రెండు, నాలుగు’ అని అంకెలు విడదీసి తిరిగి చదివి వినిపించండి. ఫోనులో ‘త్స్వై’ (రెండు), ‘డ్రై’ (మూడు) ఒకేలా వినిపిస్తాయి గనుక రెండుకు ‘త్స్వో’ అంటారు, మీరూ అనండి. టైం చెప్పేటప్పుడు ‘హాల్బ్ డ్రై’ అంటే రెండున్నర, మూడున్నర కాదు. మీ ప్రాంతంలో ‘ఫియర్టెల్ డ్రై’ అంటే రెండుంపావు. మందుల వేళ ఎప్పుడూ 14:30 అన్నట్టే రాయండి.

‘అర్థమైందా?’ అని అడగకండి, అందరూ ‘యా’ (అవును) అనేస్తారు. మాత్ర ఎప్పుడు వేసుకుంటారో వాళ్లచేతే చెప్పించండి. మన తల ఊపు వాళ్లకు అవునో కాదో తెలియదు, నోటితో చెప్పండి. పెద్దవాళ్లను ‘జీ’ (మీరు) అనే పిలవాలి, ‘డూ’ (నువ్వు) అంటే నొచ్చుకుంటారు.

మతిమరుపు ముదిరి నొప్పి చెప్పలేనివారికి 0–10 స్కేలు పనిచేయదు. అలాంటివారి నొప్పిని చూసి అంచనా వేసే బీఈఎస్‌డీ అనే స్కేలు వాడండి: రెండు నిమిషాలు గమనించి శ్వాస, మూలుగు, ముఖం, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరట పడుతున్నారా అనే అయిదింటికీ 0–2 వేయాలి.

టర్కిష్, అరబిక్ మాట్లాడేవాళ్లు వస్తే పక్కనున్న పిల్లలతో ఆపరేషన్ సంగతులు చెప్పించకండి, దుబాసీని అడగండి. 2013 నాటి రోగుల హక్కుల చట్టం ప్రకారం ఆ వివరణ రోగికి అర్థమయ్యేలా ఉండాలి, అది డాక్టరు బాధ్యత.

జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. విన్న మాట విన్నట్టే తెలుగు లిపిలో రాసుకుని, డ్యూటీ మారేలోపు స్థానిక సహోద్యోగిని అర్థం అడగండి.