సింధుకు, సెంటు సంగతి

సింధు బిడ్డా,

బ్యాంకు ఉద్యోగం మానేసి నల్లగొండలోనే పూల సెంటు చేసి అమ్ముతానన్నావని మీ బాపు నిన్న ఫోన్లో చెప్పాడు. కోపంగానే చెప్పాడు. నేనూ ఆయనకు వంత పాడాను. ఫోన్ పెట్టేశాక మాత్రం బీరువా తీసి, పాతబస్తీ అత్తరు దుకాణంలో ఇరవై రెండేళ్లు వాడిన నా చిన్న త్రాసు బయటికి తీసి తుడిచాను. నీకే ఇస్తాను, తీసుకుపో. చుక్కలు లెక్కపెట్టకు, గ్రాముల్లో తూచి నోటుబుక్కులో రాసుకో. లైసెన్సు లేకుండా ఒక్క సీసా కూడా అమ్మకు. ఆల్కహాలు పొయ్యి దగ్గర పెట్టకు.

తేలికగా, సున్నితంగా ఉండే సెంటు కావాలన్నావట. మంచిదే. మన ఎండకు బరువైన వాసన తలనొప్పి తెస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో పూలను డేగు అనే పెద్ద రాగి పాత్రలో ఉడికించి, ఆ ఆవిరిని చందనం నూనెలోకి దింపుతారు. ఆ అత్తరు చెవి వెనక ఒక్క చుక్క చాలు. నువ్వు చేసేది అది కాదు. నీ సీసాలో సుగంధం 8, 10 శాతం మించొద్దు, మిగతాదంతా ఆల్కహాలే.

సెంటుకు నడిమి వాసనగా మల్లె పెట్టు. మల్లె అబ్సొల్యూట్, అంటే పూల నుంచి తీసిన చిక్కటి సారం, ఆ సీసా మూత తీసి నేరుగా పీలిస్తే నీకు పశువుల కొట్టం గుర్తొస్తుంది, భయపడకు. అది మల్లెలోనే ఉండే ఇండోల్ అనే పదార్థం వాసన. దాన్ని పూర్తిగా తీసేస్తే మిగిలేది ప్లాస్టిక్ పువ్వే. తగ్గించు, తీసేయకు. పువ్వుకు గాలి ఆడాలంటే హెడియోన్ అనే తేలికపాటి మల్లె వాసన రసాయనం వెయ్యి. 1966లో రుద్నిట్‌స్కా అనే ఆయన డియోర్ కంపెనీకి చేసిన 'ఓ సోవాజ్' (Eau Sauvage) అనే సెంటులో దీన్ని వాడాకే దాని విలువ లోకానికి తెలిసింది. అడుగున, అంటే చివరిదాకా నిలిచే వాసనగా, కొంచెం తెల్ల మస్క్ (కస్తూరి లాంటి వాసన రసాయనం), కొంచెం చందనం. వట్టివేరు మరీ కొంచెం. కిటికీకి కట్టిన తడి వట్టివేళ్ల తడక పక్క గదిలో ఉన్నట్టు తెలియాలి, అంతే.

ఇక మొదట ముక్కుకు తగిలే వాసన. ఈ ఉత్తరం రాస్తున్నదే దీనికోసం.

నీకు నకిరేకల్ నిమ్మ గుర్తొస్తుంది. నాకూ అదే గుర్తొచ్చింది. మీ సరళత్త పెళ్లికి వారం ఉందనగా, దుకాణం నుంచి తొక్క పిండి తీసిన నిమ్మనూనె తెచ్చి, మల్లె అత్తరులో సగానికి సగం కలిపాను. వాసన ఎంత బాగుందంటే, మా సేటు కంటే నేనే గొప్పోణ్ణి అనుకున్నాను. నీ పెళ్లికి నా చేతి సెంటు అని సీసా దాని చేతిలో పెట్టాను. పిచ్చిది, మురిసిపోయి మెడంతా పూసుకుని, ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం స్కూటర్ మీద కార్డులు పంచడానికి పోయింది. మర్నాడు మెడ కందింది. మూడో రోజుకు బొబ్బలు. నూనె ఎక్కడెక్కడ కారిందో అక్కడల్లా గోధుమరంగు చారలు. డాక్టరు మెడ చూసి అడిగిన మొదటి మాట, "నిమ్మకాయ ఏమన్నా పూశారా?" అని. పిండిన నిమ్మనూనెలోని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయని అప్పుడు తెలిసింది నాకు. పదేళ్లుగా ఆ సరుకు అమ్ముతున్నవాణ్ణి!

పెళ్లి ఫోటోల్లో చూడు, జడ ముందుకు వేసుకుని ఉంటుంది. అందరూ ఫ్యాషన్ అనుకున్నారు. ఆ మచ్చలు పోవడానికి చాలా నెలలు పట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

అందుకే నిమ్మ కావాలంటే ఆవిరిపట్టి తీసినదే కొను, దాంతో ఆ బాధ లేదు. లేదంటే బత్తాయి తొక్క నూనె వాడు. మన బత్తాయి సాత్‌గుడి, తీపి నారింజ జాతిది, ఎండకు కాల్చదు. కాకపోతే నూనె పాతబడితే దురద పెడుతుంది, తాజాది తెచ్చి చల్లగా దాచు. నెట్‌లో చూసి ఇంట్లో తొక్కలు పిండావని తెలిస్తే అక్కడికొచ్చి చెవి మెలిపెడతాను. నవ్వకు.

కలిపాక నాలుగు వారాలు చీకట్లో ఉంచు. పూసుకున్న వెంటనే కాదు, నాలుగు గంటలకు ఎట్లుందో చూడు. ముందు నీ మోచేతి మడతలో పూసి రెండు రోజులు ఆగు, ఆ తర్వాతే వేరేవాళ్లకు.

మొదటి సీసా నాకు పంపొద్దు, సరళత్తకు పంపు. ఎవరు చేశారో, ఏమేం కలిపారో చీటీ రాసి పెట్టు. అది వాసన చూసి ఏమందో మాత్రం నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దబాపు