అది పేచీ కాదమ్మా, బెంగ

మీరు రాసింది చదివితే నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. పాపకి మూడేళ్ళు, అమెరికా వచ్చి నాలుగు నెలలు, డేకేర్ నించి రాగానే బూట్లు కూడా విప్పకుండా కిందపడి దొర్లుతోంది, మొన్న కొరికింది, వచ్చే నెల అత్తగారు కూడా వెళ్ళిపోతున్నారు, డాక్టర్‌కి చూపించాలా అని అడిగారు. చూపించండి, తప్పేం లేదు. మాటలు సరిగ్గా రావట్లేదని అనుమానం ఉంటే మూడు నిండినవాళ్ళని స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ఏరియా ప్రభుత్వ బడులు నడిపేవాళ్ళు) వాళ్ళే ఫ్రీగా పరీక్షిస్తారు, వివరాలు మీ స్టేట్ సైట్‌లో ఉంటాయి. నేను చెప్పేది మాత్రం ఏ సైట్‌లోనూ ఉండదు.

మేం న్యూజెర్సీలో ఎడిసన్ వచ్చింది 2011 లో. ఆయన పొద్దున్నే ట్రైన్ ఎక్కితే మళ్ళీ రాత్రికి. నాది హెచ్-4, అంటే ఆయన వీసా మీద వచ్చిన భార్య వీసా, అప్పటికి మాకు ఈఏడీ, అదే ఉద్యోగం చేసుకునే పర్మిట్, అన్నదే లేదు, అది 2015 లో కదా వచ్చింది, కాబట్టి రోజంతా నేనూ మావాడూ నాలుగు గోడలూ. 2012 ఏప్రిల్‌లో తెనాలి నించి అమ్మానాన్నా వచ్చారు, ఆర్నెల్లు ఇల్లు ఇల్లులా ఉంది. అమ్మమ్మ పెడితేనే ముద్ద, తాతయ్య భుజమ్మీదే నిద్ర. అక్టోబర్ మొదట్లో వాళ్ళు వెళ్ళేరోజు మేం చేసిన ఘనకార్యం ఏంటంటే, చూస్తే గుక్కపెట్టి ఏడుస్తాడని, వాడు పడుకున్నాక సూట్‌కేసులు చప్పుడు కాకుండా దింపి నెవార్క్ ఎయిర్‌పోర్ట్‌కి పంపించేశాం. పొద్దున లేచి ఆ గదిలోకెళ్ళాడు, మంచం కింద చూశాడు, క్లాజెట్ తీసి చూశాడు, ఏడవలేదు. హమ్మయ్య అనుకున్నా! ఎంత మొద్దునో.

మూడో రోజు నించి మొదలైంది. నేను బాత్రూమ్‌కెళ్తే తలుపు బాదడం, కంచం విసిరేయడం, కొరకడం. అమ్మమ్మ చెప్పకుండా మాయమైంది కదా, రేపు అమ్మ కూడా పోతుందేమోనని వాడి భయం. ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు నాకు ఒట్టి పేచీలా కనపడింది. వీపు విమానం మోత మోగుద్ది అన్నా, రెండు వేశా కూడా (అలా చేస్తే ఇక్కడ చిక్కులొస్తాయి, రూల్స్ మీరే చూసుకోండి), చివరికి పోలీసోడొచ్చి పట్టుకెళ్తాడని బెదిరించా. దాని ఫలితం ఏంటంటే, పార్క్‌లో ఒక పోలీసాయన పిల్లలకి స్టిక్కర్లు పంచుతూ వీడి దగ్గరికొస్తే నా చున్నీలో దూరి నిక్కర్ తడుపుకున్నాడు. ఆయన నావంక చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

ఆ నెల 29న శాండీ తుఫాను. కరెంటు లేదు, హీటర్ లేదు, రోజుల తరబడి. మాది గ్యాస్ స్టవ్వు, అగ్గిపుల్లతో వెలిగేది, అందుకని తెలిసిన మూడు కుటుంబాలు దుప్పట్లతో సహా మా ఇంటికే వచ్చేశారు. కింద పక్కలు, పెద్ద గిన్నెలో పప్పు, పదకొండు మంది. నమ్మండి, అన్ని రోజుల్లో మావాడు ఒక్క పేచీ పెట్టలేదు. హాలోవీన్‌ని (పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ చాక్లెట్లకెళ్ళే పండగ) గవర్నర్ నవంబర్ 5కి వాయిదా వేసినా వాడికి పట్టలేదు, ఇంట్లోనే జాతర కదా. వాళ్ళలో ఒక బాపట్ల పెద్దావిడ వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని "అమ్మమ్మ మీద బెంగ పెట్టుకున్నావా నాన్నా" అంది. అంతే, తలూపి అప్పుడు ఏడ్చాడు, నెల రోజుల ఏడుపు ఒక్కసారే. ఆ మాట నాకెందుకు తట్టలేదు?

డేకేర్‌లో శాడ్, మ్యాడ్ అని నేర్పుతారు. మావాడు మొదటిసారి "ఐ యామ్ మ్యాడ్" అంటే పిచ్చి అనుకుని కంగారుపడ్డా, కోపమని ఎవరో చెప్పారు. మీరు ఇంట్లో తెలుగులో చెప్పండి, కోపం, అలక, ఉక్రోషం, బెంగ, ఏది ఏదో. అదీ ఏడుపు తగ్గాకే, దొర్లేటప్పుడు పాఠాలొద్దు, పక్కన నేలమీద కూర్చోండి చాలు. కొరకబోతే ఆపి "నొప్పి, కొరకనివ్వను" అని ఒక్కమాట. రోజంతా తెలియని భాషలో బుద్ధిగా ఉండి ఉండి అమ్మ కనపడగానే బద్దలవుతుంది అంతే, కార్లోనే ఏదన్నా తినిపించండి, సగం ఆకలే.

అత్తగారి విషయంలో మాత్రం మాలాగా చెయ్యకండి. ఇప్పట్నించే పాపకి చెప్పండి, క్యాలెండర్ మీద రోజూ గీత కొట్టించండి, ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్ళండి, ఏడిస్తే ఏడవనివ్వండి. ఆవిడ పాత నూలు చీర ఒకటి ఉంచుకోండి. కాల్ ఒకే టైముకి పెట్టుకోండి, చలికాలం ఇక్కడ పొద్దున ఏడంటే అక్కడ సాయంత్రం ఐదున్నర. మాకు స్కైప్ ఒకటే ఉండేది, అదీ ఆగిపోతూ, మీకు అన్నీ అరచేతిలో ఉన్నాయి, అయినా కష్టమే అంటారు ఇప్పటివాళ్ళు!

ఇంకో మాట. మీరు పాప గురించి అడిగారు గానీ "ఇక్కడ ఎవరూ తెలీదు" అని మూడుసార్లు రాశారు. ఆ బెంగ మీది కూడా, పిల్లలు పసిగట్టేస్తారు. డిసెంబర్లో నాలుగున్నరకే చీకటి, ఇంట్లో కూర్చుంటే ఇద్దరూ కలిసి ఏడుస్తారు. లైబ్రరీలో స్టోరీ టైమ్ ఫ్రీ, కథ కోసం కాదు, అక్కడికొచ్చే తల్లుల కోసం వెళ్ళండి. ఇంగ్లీష్ రాదని సిగ్గుపడకండి, నాకూ రాలేదు, మేనేజ్ చెయ్యలేదూ? ఎడిసన్ చుట్టుపక్కలైతే శనివారం రండి, అత్తగారినీ తీసుకురండి, మా అమ్మ జనవరి దాకా ఇక్కడే ఉంటుంది.